విగ్‌మోర్ హాల్, లండన్: వీలైతే ఎడమ వైపు సీటు తీస్కోండి

ఈ కచేరీ హాలుకి ఐదుకి ఐదు స్టార్లు ముందే ఇచ్చేశా, ఎందుకో కింద రాస్తున్నా. కాస్త పొడుగవుతుంది, ఓపికున్నవాళ్ళు చదవండి. లండన్‌లో ఉన్న మనవాళ్ళకీ, పిల్లల దగ్గరికొచ్చి మూణ్ణెల్లు ఉండివెళ్ళే అమ్మానాన్నలకీ, ఇండియాలో ఇంట్లో కూర్చునే చూద్దాం అనుకునేవాళ్ళకీ కూడా పనికొస్తుంది.

ముందు మా సంగతి కొంచెం చెప్పాలి, లేకపోతే ఈ రివ్యూ అర్థం కాదు. మాది విజయనగరం. ఫిడేలు ఊరు. 1919లో మహారాజా వారు సంగీత కళాశాల పెట్టిన ఊరు, ఆదిభట్ల నారాయణదాసు గారు దానికి మొదటి ప్రిన్సిపాల్, ఆయన తర్వాత ఆ కుర్చీలో కూర్చున్నది ద్వారం వెంకటస్వామినాయుడు గారు. మా నాన్నగారికి ద్వారం వారంటే దేవుడే, అప్పటిదాకా గాయకుడి పక్కన కూర్చుని ఆయన పాడిందే తిరిగి పలికే ఫిడేలుని తీసుకొచ్చి సోలో కచేరీకి మధ్యలో కూర్చోబెట్టిన మనిషి అని చిన్నప్పుడు మాకు వందసార్లు చెప్పుంటారు. నేనూ ఓ ఆరేళ్ళు నేర్చుకున్నా, నేల మీద మఠం వేసుక్కూర్చుని, ఫిడేలు తల కుడి పాదం మీద ఆనించి. పెళ్ళితో ఆగిపోయింది. అందుకే మా అమ్మాయికి ఇక్కడ స్కూల్లో వాయిద్యం ఇస్తాం అనగానే వయొలిన్ వస్తుందని ఎంత ఆశ పడ్డానో. వచ్చింది వయోలా, చూడ్డానికి వయొలిన్‌లాగే ఉంటుంది కానీ కాస్త పెద్దది, గొంతు కిందికి ఉంటుంది. అందరూ వయొలిన్ అడిగారంట, వయోలాకి ఎవరూ లేరంట, మీ అమ్మాయి చేతులు పొడుగు కదా సరిపోతుంది అని ఇచ్చారు. నాకు నిజంగా ఏడుపొచ్చింది. మిగిలిపోయింది తెచ్చి నా పిల్ల చేతిలో పెట్టారు అనిపించింది. ఏడాది పాటు దాన్ని ప్రాక్టీస్ చేస్తుంటే వినేదాన్ని, పాట అంటూ ఏమీ ఉండదు, ఒక స్వరం పట్టుకుని లాగడం, ఆగడం, ఇంకో స్వరం లాగడం. పాటంతా వయొలిన్ వాళ్ళ దగ్గరే ఉంటుందమ్మా, మాకు మధ్యలో ఉండేవే ఇస్తారు అనేది.

సరే, ఒకసారైనా పెద్దవాళ్ళు వాయిస్తుంటే చూపిద్దామని అంతకుముందు ఇంకో చోటికి తీస్కెళ్ళా, పేరు రాయను, వేలమంది పట్టే హాలు. స్ట్రింగ్ క్వార్టెట్ అంటే నలుగురే కదా, రెండు వయొలిన్లు, ఒక వయోలా, కూర్చుని మోకాళ్ళ మధ్య పెట్టుకుని వాయించే పెద్ద చెల్లో ఒకటి, మైకు ఉండదు. మేం ఎక్కడో పైన కూర్చున్నాం. నలుగురు మనుషులు అగ్గిపుల్లల్లా కనపడ్డారు, మొదటి వయొలిన్ తప్ప ఇంకేదీ విడిగా వినపడలా, పిల్ల ఇంటర్వెల్‌లోనే ఇంటికెళ్దామంది. ఛాంబర్ మ్యూజిక్ అంటేనే గదిలో వాయించుకునే సంగీతం అని, దాన్ని గదిలోనే వినాలని అప్పటికి నాకు తెలీదు. మన పాత కాలం కచేరీలు కూడా అంతే కదా, జమీందారు గారి సావిట్లో యాభై మంది మధ్య పాడే మనిషిని స్టేడియంలో కూర్చోబెడితే ఏం మిగుల్తుంది.

ఆఫీసులో ఒకావిడ చెప్పింది, విగ్‌మోర్ హాల్‌కి వెళ్ళు, ముందు వరసల్లో కూర్చో, తర్వాత మాట్లాడు అని. ఆక్స్‌ఫర్డ్ స్ట్రీట్ వెనకే ఉంటుంది, బాండ్ స్ట్రీట్ స్టేషన్లో దిగినా ఆక్స్‌ఫర్డ్ సర్కస్‌లో దిగినా నడిచెళ్ళిపోవచ్చు. బయట నుంచి చూస్తే ఇంత పేరున్న హాలు ఇదేనా అనిపిస్తుంది, షాపుల మధ్యలో ఒక గుమ్మం, అంతే. లోపలికెళ్తే సుమారు 550 సీట్లు, పొడుగ్గా చెప్పుల పెట్టెలా ఉంటుంది, గోడలకి పాలరాయి, ఎర్ర కుర్చీలు. స్టేజీ చాలా చిన్నది, వెనక గోడ సగం గిన్నెలా వంపు తిరిగి ఉంటుంది, దాని పైన గోపురంలాంటి చోట పెద్ద బొమ్మ వేసుంటుంది, సంగీతం తాలూకు ఆత్మ తలెత్తి పైనున్న అగ్నిగోళం వైపు చూస్తున్నట్టు. మన గుళ్ళో గర్భాలయం వైపు చూసినట్టే కళ్ళు అటే పోతాయి. మా అమ్మాయైతే లైట్లు తగ్గించేదాకా దాన్నే చూస్తూ కూర్చుంది.

ఈ హాలు కథ కూడా తెలుసుకుని వెళ్తే బావుంటుంది. దీన్ని కట్టింది ఒక జర్మన్ పియానో కంపెనీ, బెక్‌స్టైన్ వాళ్ళు, పక్కనే వాళ్ళ షోరూమ్ ఉండేది. 1901 మే 31న బెక్‌స్టైన్ హాల్ అన్న పేరుతో మొదలైంది. మొదటి ప్రపంచ యుద్ధంలో జర్మన్ల ఆస్తి, శత్రువుల ఆస్తి అని ప్రభుత్వం మొత్తం లాక్కుని అమ్మేసింది, 1917లో వీధి పేరు పెట్టి విగ్‌మోర్ హాల్ అని మళ్ళీ తెరిచారు. శత్రువు అన్న ఈ మాట గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వస్తుంది.

మేం వెళ్ళిన రోజు కచేరీకి ముందు వాయించేవాళ్ళు నలుగురూ స్టేజీ మీద కూర్చుని ముప్పావుగంట మాట్లాడారు. పబ్లిక్‌గా మాట్లాడిందే అయినా అనుమతి అడగలేదు కాబట్టి పేర్లు రాయట్లేదు, కుర్ర క్వార్టెట్టే, ముప్ఫైల్లో ఉంటారు. నేను ఈ రివ్యూ రాయడానికి సగం కారణం ఆ ముప్పావుగంటే. పండితుల్లా మాట్లాడలా, వంటవాళ్ళు వంట గురించి మాట్లాడినట్టు మాట్లాడారు. ఆ రోజు ప్రోగ్రాంలో మూడు క్వార్టెట్లున్నాయి (వాయించే నలుగురినీ, వాళ్ళ కోసం రాసిన రచననీ కూడా అదే పేరుతో పిలుస్తారు), ఆస్ట్రియా కంపోజర్ హైడెన్‌ది ఓపస్ 33 అనే ఆరు రచనల కట్టలో రెండోది, రష్యన్ కంపోజర్ షొస్తకోవిచ్‌ది పదమూడోది, ఇంటర్వెల్ తర్వాత చెక్ కంపోజర్ స్మెతనా రాసిన ‘నా జీవితం నుంచి’. ఈ మూడూ ఎందుకు పెట్టారని ఒక పెద్దాయన అడిగితే చెల్లో వాయించే అతను నవ్వి వయోలా ఆవిణ్ణి చూపించాడు, ఆవిడే ఏరింది అని. మా అమ్మాయి అప్పటిదాకా కుర్చీలో వెనక్కి వాలి ఉన్నది ముందుకొచ్చి కూర్చుంది.

హైడెన్ గురించి చెప్పింది నాకు బాగా నచ్చింది. ఆయన ఇరవైల్లో కుర్రాడిగా ఉన్నప్పుడు ఫ్యూర్న్‌బెర్గ్ అనే ఒక జమీందారు తన ఇంటికి పిలిపించాడు, అక్కడ వాయించగలిగినవాళ్ళు ఎవరున్నారంటే ఊరి ఫాదరీ, ఎస్టేటు మేనేజరు, చెల్లో వాయించే ఇంకొకాయన, హైడెన్. అంటే రెండు వయొలిన్లు, వయోలా, చెల్లో ఉండాలని ఎవరూ ముందే సిద్ధాంతం రాసుకోలా, ఇంట్లో ఉన్న సరుకులతో వంట చేసినట్టు ఉన్న నలుగురికి రాసిచ్చాడు. హైడెన్ జీవితం మొత్తంలో ఇలాంటివి 68 రాశాడు, ఆ రూపం రెండున్నర శతాబ్దాలు నిలబడింది. మొదట్లో పాటంతా మొదటి వయొలిన్‌దే, మిగతా ముగ్గురూ మన పక్కవాద్యంలా కింద నడిచేవాళ్ళు. 1781లో ఓపస్ 33 ఆరూ రాసినప్పుడు ఆయనే వీటిని పూర్తిగా కొత్త పద్ధతిలో రాశానని ఉత్తరాల్లో చెప్పుకున్నాడు, ఆ కొత్తదనం వింటే తెలిసిపోతుంది, చిన్న ముక్క ఒకటి మొదటి వయొలిన్ అంటుంది, దాన్ని వయోలా అందుకుని ఇంకోలా తిప్పుతుంది, చెల్లో కాదంటుంది. నలుగురు తెలివైనవాళ్ళు కూర్చుని మాట్లాడుకుంటుంటే విన్నట్టు ఉంటుందని జర్మన్ కవి గోథే అన్నాడంట, అదే సరైన మాట.

మాట్లాడుకోవడం అంటే మొహమాటం లేకుండా అని కూడా. రిహార్సల్లో గంటలు గంటలు దేని మీద పోట్లాడుకుంటారో చెప్పారు, ఒక స్వరం ఎంత పొడుగు ఉంచాలి, విల్లు పైకా కిందికా, ఇద్దరు ఒకవైపు ఇద్దరు ఒకవైపు అయితే రెండు రకాలుగానూ వాయించి చూస్తారంట. ఇంకోటి శృతి గురించి చెప్పారు, అక్కడ నాకు ఒళ్ళు పులకరించింది. వీళ్ళకి తంబురా ఉండదు కదా, చెల్లో అడుగు స్వరం పట్టుకుంటే దాని మీద మిగతావాళ్ళు సర్దుకుంటారు, మధ్యలో గాంధారం ఎవరికొస్తే వాళ్ళు దాన్ని పియానోలో ఉండే గాంధారం కన్నా ఒక్క పిసరు తగ్గించి పెట్టాలి, అప్పుడే ఆ స్వరాల గుత్తి కుదురుకుని మోగుతుంది అని వయోలా ఆవిడ వాయించి చూపించింది. ముందు పియానోలోలాగా, తర్వాత తగ్గించి. రెండోది వినగానే నాకు మా మాస్టారి తంబురా గుర్తొచ్చింది. తంబురా సరిగ్గా శృతిలో ఉంటే ఎవరూ మీటని గాంధారం దాన్లోంచి తనంతట తనే వినపడుతుంది చూడండి, స్వయంభూ గాంధారం అంటారు, అదే ఇది. వీళ్ళు దాన్ని నలుగురు మనుషుల మధ్య నుంచి తెస్తున్నారు, అదీ ఎక్కువసార్లు మధ్యలో ఉన్న రెండో వయొలిన్, వయోలా చేతుల్లోంచే. మా అమ్మాయి ఏడాదిగా లాగుతున్న ఒంటి స్వరాల్లో ఎన్ని అలాంటి గాంధారాలు ఉన్నాయో, పాట లేదు పాట లేదు అని నేను వాటిని వినిపించుకోనే లేదు.

తర్వాత వయోలా ఆవిడ చెప్పినవి ఒక్కొక్కటీ వింటుంటే నాకు సిగ్గేసింది నిజంగా. మొత్సార్ట్ అంత వయొలిన్ వచ్చినవాడు, క్వార్టెట్ వాయించడానికి కూర్చుంటే వయోలా తీసుకునేవాడు. 1784లో వియన్నాలో ఒకరింట్లో సాయంత్రం కూడితే మొదటి వయొలిన్ హైడెన్, రెండో వయొలిన్ డిట్టర్స్‌డోర్ఫ్, వయోలా మొత్సార్ట్, చెల్లో వాన్‌హల్, అక్కడే ఉండి విన్న ఒక గాయకుడు తర్వాత రాసిపెట్టాడు. నలుగురూ కంపోజర్లే! ఆ గదిలో మూల ఒక కుర్చీ దొరికితే ఇంకేం కావాలి. బేథోవెన్ కుర్రాడిగా బాన్‌లో కొలువు ఆర్కెస్ట్రాలో వాయించింది వయోలా. షూబర్ట్ ఇంట్లో అన్నలిద్దరూ వయొలిన్లు, నాన్న చెల్లో, షూబర్ట్ వయోలా. చెక్ కంపోజర్ ద్వోర్జాక్ కూడా పేరు రాకముందు ఏళ్ళ తరబడి ప్రాగ్‌లో థియేటర్ ఆర్కెస్ట్రాలో వయోలా వాయించి బతికాడు. ఇంగ్లీషు కంపోజర్ బెంజమిన్ బ్రిటన్ కూడా వయోలా నేర్చుకున్నవాడే. వీళ్ళందరికీ వయొలిన్ దొరక్క కాదు. మధ్యలో కూర్చుంటే పైనా కిందా జరిగేది రెండూ వినపడతాయి, సంగీతం ఎలా కట్టారో లోపల్నుంచి తెలుస్తుంది, కాబట్టి రాసేవాళ్ళకి ఆ కుర్చీ ఇష్టం అని ఆవిడ అంది. మరి వయోలా గొంతు ఎందుకంత బొంగురు అని ఒక చిన్నబాబు అడిగాడు. వయొలిన్ కన్నా ఐదు స్వరాలు కిందికి శృతి చేస్తారు, ఆ కింది స్వరాలకి తగ్గట్టు ఒళ్ళు పెంచాలంటే ఇంకా చాలా పెద్దది చెయ్యాలి, అంత చేస్తే భుజం మీద పట్టుకోవడం మనిషి వల్ల కాదు, కాబట్టి ఒంటికి మించిన గొంతు దానిది అని చెప్పింది.

ఇక కచేరీ. మేం ముందు నుంచి ఐదో వరసలో ఎడమ వైపు కూర్చున్నాం, టికెట్టు కొన్నప్పుడు అదే దొరికింది, కానీ అదే మా అదృష్టం. కొన్ని క్వార్టెట్లలో కుడి చివర చెల్లో కూర్చుంటుంది, కొన్నిట్లో వయోలా. వీళ్ళలో వయోలా. కుడి చివర కూర్చున్నప్పుడు వాయిద్యం ముఖం జనం వైపు కాకుండా స్టేజీ వెనక్కి తిరిగిపోతుంది, వేరే చోట అయితే ఆ గొంతు వెనక్కే పోతుందేమో, ఇక్కడ ఆ వంపు గోడ నుంచి తిరిగొచ్చి మన ఒళ్ళో పడింది. ఎడమ వైపు నుంచి ఆవిడ ముఖం, ఎడమ చెయ్యి, కళ్ళు ఎవరి వైపు తిప్పుతుందో అన్నీ కనపడతాయి. మొదలుపెట్టే ముందు మొదటి వయొలిన్ అతను తీసే ఊపిరి వినపడింది మాకు. ఆ ఊపిరితోనే నలుగురూ ఎత్తుకుంటారు, తాళం వేసేవాళ్ళు ఎవరూ ఉండరు.

హైడెన్ది జోక్ అని పేరున్న క్వార్టెట్. చివర్లో పాట ముక్కలు ముక్కలుగా ఆగుతూ ఆగుతూ, అయిపోయింది అనుకుని జనం చప్పట్లు కొట్టబోతే మళ్ళీ ఒక ముక్క, పెద్ద గ్యాపు, మళ్ళీ మొదటి ముక్కే, అక్కడ నిజంగా అయిపోతుంది, ఎవరికీ తెలీదు. 240 ఏళ్ళు దాటిన హాస్యం, హాలంతా పక్కున నవ్వింది, మా పక్కన కూర్చున్న ముసలాయన ఎన్నిసార్లు విని ఉంటాడో, ఆయనా మోసపోయాడు.

షొస్తకోవిచ్ పదమూడోది తేలిక కాదు, చిన్నపిల్లల్ని తీసుకెళ్ళేవాళ్ళు ముందే చూస్కోండి. 1970లో రాశాడు, చేతులూ కాళ్ళూ బలం తగ్గిపోయి కుర్గాన్ అనే ఊళ్ళో డాక్టర్ ఇలిజారోవ్ దగ్గర వైద్యం చేయించుకుంటున్న ఏడాది అది. మన దగ్గర ఎముకలు విరిగినవాళ్ళకి వేసే రింగులకి ఆయన పేరే, నాకది విన్నాక ఈ సంగీతం ఇంకా దగ్గరైంది. ఆయన క్వార్టెట్లు 15, వాటిలో చాలావాటిని మొదట వాయించింది బేథోవెన్ క్వార్టెట్ అనే మాస్కో బృందం. వాళ్ళు ముసలివాళ్ళైపోతుంటే నలుగురికీ తలా ఒకటి అంకితం ఇచ్చాడు, పదకొండోది చనిపోయిన రెండో వయొలిన్ ఆయనకి, పన్నెండు మొదటి వయొలిన్‌కి, పదమూడు వయోలా వాయించిన బొరిసోవ్‌స్కీకి, పద్నాలుగు చెల్లోకి. ఇరవై నిమిషాలు ఆగకుండా ఒకటే భాగం. వయోలా ఒంటరిగా మొదలుపెడుతుంది, మధ్యలో విల్లు కర్రతో వాయిద్యం ఒంటి మీద టక్ టక్ అని కొడతారు, ఆ చిన్న హాల్లో అది ఎవరో తలుపు కొట్టినట్టే ఉంటుంది. చివర మళ్ళీ వయోలాయే, ఒంటరిగా పైకి పైకి ఎక్కుతూ, ఇది వయోలా వెళ్ళాల్సిన చోటు కాదు అనిపించేంత పైకి వెళ్ళి ఒక స్వరం మీద నిలబడుతుంది. రెండు వయొలిన్లూ వచ్చి అదే స్వరం పట్టుకుంటాయి, ముగ్గురూ దాన్ని చెవి నొప్పి పుట్టేదాకా పెంచి టక్కున కోసేస్తారు. ఆ తర్వాత ఎంతసేపో హాల్లో ఎవరూ కదల్లా. అంతమంది ఊపిరి బిగబట్టి కూర్చుంటే ఎలా ఉంటుందో ఈ హాల్లోనే తెలిసింది నాకు. మా అమ్మాయి నా చెయ్యి పట్టుకుని ఉంది, ఎప్పుడు పట్టుకుందో నాకు తెలీదు.

ఇంటర్వెల్‌లో కింద బార్‌కి వెళ్ళాం, మెట్లు దిగాలి, జనం ఎక్కువే కానీ తోసుకోరు. కాఫీ పర్వాలేదు. గోడల మీద వాయించినవాళ్ళ ఫోటోలు ఉంటాయి, టైము పెట్టుకుని చూడండి. అమాడియస్ క్వార్టెట్ సంగతి పక్క టేబుల్ దగ్గర పెద్దావిడ మా అమ్మాయికి చెప్పింది, ఇంటికొచ్చి నేను మొత్తం చదువుకున్నా. బ్రైనిన్, నిస్సెల్, షిడ్లోఫ్, ఈ ముగ్గురూ వియన్నా యూదు కుర్రాళ్ళు, 1938లో హిట్లర్ ఆస్ట్రియాని మింగేసాక ప్రాణాలు దక్కించుకుని ఇంగ్లండ్ వచ్చారు. 1940లో ఇక్కడి ప్రభుత్వం వాళ్ళని శత్రుదేశస్థులు అని క్యాంపుల్లో పెట్టింది. హిట్లర్ నుంచి పారిపోయొచ్చినవాళ్ళని! ఆ క్యాంపుల్లోనే ఒకరికొకరు పరిచయం అయ్యారు. బయటికొచ్చాక మాక్స్ రోస్టల్ అనే గురువు దగ్గర నేర్చుకున్నారు. మార్టిన్ లోవెట్ అనే ఇంగ్లీషు కుర్రాడు చెల్లోతో కలిశాడు. ఇక్కడ చిక్కు ఏంటంటే ముగ్గురూ వయొలినే. ఎవరో ఒకరు వయోలాకి మారాలి. షిడ్లోఫ్ మారాడు. 1948 జనవరి 10న అమాడియస్ అన్న పేరుతో వాళ్ళ మొదటి కచేరీ ఈ హాల్లోనే, శత్రువుల ఆస్తి అని లాక్కున్న ఈ హాల్లోనే. దాదాపు నలభై ఏళ్ళు అదే నలుగురు. బ్రిటన్ తన ఆఖరి క్వార్టెట్ వాళ్ళకే రాశాడు, 1976 డిసెంబర్లో ఆయన పోయిన రెండు వారాలకి వాళ్ళు దాన్ని మొదటిసారి వాయించారు. 1987లో షిడ్లోఫ్ చనిపోయాడు. వయోలా వాయించేవాళ్ళు లోకంలో లేక కాదు, ఇంకొకర్ని ఆ కుర్చీలో కూర్చోబెట్టడానికి మిగతా ముగ్గురికీ మనసొప్పలా. ఆపేశారు. నేను మిగిలిపోయిన వాయిద్యం అనుకున్నది అది.

స్మెతనాది గురించి ఎంత రాసినా తక్కువే. 1874లో ఆయనకి రెండు చెవులూ పూర్తిగా పోయాయి, యాభై ఏళ్ళ మనిషి, 1876లో ఇది రాశాడు. మొదట నలుగురూ కలిసి ఒక్క దెబ్బ, వెంటనే వయోలా పాట ఎత్తుకుంటుంది. వయొలిన్ కాదు! ఒక మనిషి తన జీవితం చెప్పుకోవడం మొదలుపెడుతూ ఆ గొంతు ఎంచుకున్నాడు, ఆ బొంగురు గొంతు, కింది తీగల మీద. మా అమ్మాయి కుర్చీలో నిటారుగా అయిపోయింది. రెండో భాగం పోల్కా, ఊళ్ళో డాన్సులు, కుర్రతనం. మూడోది పోయిన మొదటి భార్య మీద ప్రేమ, చెల్లోతో మొదలవుతుంది. నాలుగోది పండగలా పోతూ పోతూ ఒక్కసారి ఆగిపోయి, కింద ముగ్గురూ వణుకుతున్నట్టు వాయిస్తుంటే మొదటి వయొలిన్ బాగా పైన ఒకే ఒక్క స్వరం, ఇక్కడివాళ్ళు E అంటారు, సన్నగా పొడుగ్గా లాగుతుంది. చెవులు పోయేముందు ఆయన చెవిలో మోగిన కూత అది. ఆ స్వరం వచ్చినప్పుడు నా పళ్ళు గట్టిగా బిగుసుకున్నాయి. 1878లో ప్రాగ్‌లో దీన్ని కొద్దిమంది ముందు మొదటిసారి వాయించినప్పుడు వయోలా కుర్చీలో కూర్చున్నది ద్వోర్జాక్. ఆ మొదటి పాట ఆయన చేతిలో ఎలా పలికిందో, ఎదురుగా కూర్చున్నా స్మెతనా దాన్ని వినలేడు కదా. ఆ ఆలోచన వచ్చాక నాకు మిగతాది కళ్ళనీళ్ళతోనే సరిపోయింది.

ఇప్పుడు ఉపయోగపడే సంగతులు. 35 ఏళ్ళ లోపు వాళ్ళకి చాలా కచేరీలకి 5 పౌండ్ల టికెట్లు ఉంటాయి, స్టూడెంట్స్ ఎవరైనా చదువుతుంటే ఇది వదులుకోకండి, బయట ఒక బిర్యానీకి కూడా ఇంతకన్నా ఎక్కువే పెడతాం. ఆదివారం పొద్దున గంటసేపు జరిగే కచేరీ మొదటిసారి వెళ్ళేవాళ్ళకి మంచిది, ఇంటర్వెల్ ఉండదు, పెద్దవాళ్ళకి కూడా ఓపిక సరిపోతుంది. బట్టలు ఏవైనా పర్లేదు, నేను చీరలో వెళ్ళా, పక్కన జీన్స్ వాళ్ళూ ఉన్నారు. పెద్ద రచన మధ్యలో ఒక భాగం అయ్యాక కాస్త ఆగుతారు, అప్పుడు చప్పట్లు కొట్టరు, అందరూ ఒకేసారి దగ్గుతారు, మన కచేరీల్లోలాగా భలే అని తల ఊపేది కూడా లోపలే ఊపుకోవాలి, నాకు అదొక్కటే కష్టమైంది. సీటు మాత్రం బాల్కనీ కన్నా కింద ముందు ఎనిమిది పది వరసల్లో, ఎడమ వైపు. వయోలా బదులు చెల్లో చివర కూర్చునే క్వార్టెట్ అయినా నష్టం లేదు, లోపలివాళ్ళు బాగా కనపడతారు.

ఇండియాలో ఉన్నవాళ్ళు: 2020 జూన్‌లో లాక్‌డౌన్‌లో లండన్ అంతా మూసేసి ఉంటే ఖాళీ కుర్చీల ముందు వారంలో ఐదు రోజులు కచేరీ పెట్టి ఆన్‌లైన్లో వదిలింది వీళ్ళే, అప్పట్నించి చాలా కచేరీలు వాళ్ళ వెబ్‌సైట్లో, యూట్యూబ్‌లో ఫ్రీగా పెడుతున్నారు, నచ్చితే డబ్బులు పంపమంటారు, పంపండి. ఇక్కడ సాయంత్రం ఏడున్నర అంటే మనకి వేసవిలో రాత్రి 12, చలికాలంలో ఒంటిగంట. మధ్యాహ్నం ఒంటిగంట కచేరీలైతే మనకి సాయంత్రం ఐదున్నరో ఆరున్నరో అవుతుంది, అవి హాయి. చూసేటప్పుడు ఇయర్‌ఫోన్స్ పెట్టుకోండి, ఫోన్ స్పీకర్లో వయోలా మొత్తం మాయమైపోతుంది.

మా నాన్నగారికి ఇలాగే ఒక స్మెతనా రికార్డింగు పంపా, పేరు తప్ప ఏమీ చెప్పలేదు, చెల్లో వయోలా అని కూడా చెప్పలేదు. మర్నాడు పొద్దున్నే ఫోన్ చేశారు. ‘అమ్మా, మొదలెట్టిందే ఆ చివర కుర్చీలో వాయించినాయన, ఆయన ఫిడేలు మిగతా ఇద్దరిదాని కన్నా లావుగా ఉందేం, తీగలు కూడా మందంగా ఉన్నట్టున్నాయి, దాన్నేమంటారు?’ అని. నేను చెప్పబోతుంటే మా అమ్మాయి ఫోన్ లాక్కుని ‘తాతయ్యా ఒక్క నిమిషం ఆగు, నా దగ్గరుంది, తెస్తా’ అని మేడ మీదికి పరిగెత్తింది.

మార్చిలో ఇంకో క్వార్టెట్ ఉంది, హంగరీ కంపోజర్ బార్తోక్ రాసిన ఆరో క్వార్టెట్ వాయిస్తారంట, అదీ వయోలా ఒంటరిగానే మొదలవుతుందని మా అమ్మాయే వెతికి చెప్పింది. రెండు టికెట్లు తీశాం, డి వరసలో, ఎడమ వైపు.